పసికందునకు నూనె యంటునపుడు



బిడ్డ పుట్టిన యింట జరుగు పనులలో నాకు మిక్కిలి ప్రియమైనది పసికందునకు నూనె యంటి నీళ్ళు పోయుట. చిన్నపీటపై గూర్చుండి కాళ్ళు చాచిన యొక ముదుసలి, ఆమె కాళ్ళపై వెల్లకిల పండిన శిశువు, ప్రక్కను కాగులోనుండి లేచు ఆవిరి, నూనెగిన్నె, నలుగుపిండి, కడపట సాంబ్రాణి పొగ, ఆపైని మెత్తని పాతచీరలో చుట్టబడి గాఢనిద్ర పోవు బిడ్డ. ఈ దృశ్యమును చూడని తెలుగింటి యాడుది యుండదు. ఈ యాచారమును గూర్చియే నేడు మీతో నాలుగు మాటలు చెప్పదలచితిని. దీనిని నిందించుట నా యుద్దేశము గాదు. అట్లని కేవలము పొగడుటకును వ్రాయుట లేదు. మా యింట ఈ నూనెగిన్నె ప్రక్కనే యుండిన మరియొక చిన్న గిన్నె నా కుమారుని ప్రాణముమీదికి తెచ్చినది. ఆ సంగతి చెప్పినచో మీలో ఒక్కరికైన నుపయోగపడునని నా యాశ.

మాది తిమ్మాజిపేట. 2016వ సంవత్సరము అక్టోబరు మాసమువరకు పాలమూరు జిల్లాలో నుండి, అటుపిమ్మట నాగర్‌కర్నూలు జిల్లాలో జేరిన మండలకేంద్రము. మావారు బడిపంతులు. నేను కళాశాల గడప త్రొక్కినదానను గాను. మా నాయనగారు పురాణము చెప్పెడివారు. ఆయన ప్రక్క గూర్చుండి భాగవతమును, భారతమున కొన్ని పర్వములను, తరువాత వాగ్భటుని అష్టాంగహృదయమున కొంత భాగమును తాత్పర్యసహితముగా చదివితిని. ఇది గొప్పకు చెప్పుట లేదు. చదివిన సంగతి యెదుట నిలిచినపుడు దానిని గుర్తింపలేకపోతినని చెప్పుకొనుటకే చెప్పుచున్నాను.

పోతనామాత్యుని భాగవతమున దశమస్కంధములో ఒక ముచ్చట యున్నది. నందుని యింట బాలుడు పుట్టినాడని విని వ్రేపల్లెలోని గోపికలందరు వచ్చి, ఆ పాపనికి నూనె తలయంటి, పసుపు పూసి, నీళ్ళాడించి, రక్ష పెట్టి, తొట్టెలో పరుండబెట్టి, దీవించి పాడుదురు. చిన్ననాట ఈ పద్యమును నేనెన్ని సారులు చదివితినో లెక్క లేదు. నాకు బిడ్డలు కలిగినపుడు వారికిని అట్లే జరుగవలెనని ముచ్చటపడితిని. మొదట ఆడుబిడ్డ. ఆమెకు నూనె, పసుపు, నీళ్ళు, దీవెనలు అన్నియు యథావిధిగా జరిగినవి. ఏ చిక్కును కలుగలేదు. కావుననే రెండవ కాన్పునాటికి నాకు భయమన్నది లేకపోయెను.

2019వ సంవత్సరము మాఘమాసమున మావాడు పుట్టినాడు. ముప్పదియేడు వారములు నిండిన వెంటనే, అనుకొనిన దినమునకు కొంత ముందుగా, ఆసుపత్రిలోనే కాన్పయినది. ఆ దినములలో ప్రభుత్వపు ఆసుపత్రిలో ప్రసవించిన తల్లులకు, 2017వ సంవత్సరమున మొదలైన కె.సి.ఆర్. కిట్టు అను సంచి నిచ్చెడివారు. అందు శిశువునకు బట్టలు, సబ్బు, దోమతెర మొదలగు వానితోపాటు నూనెసీసా కూడ నుండెడిది. మూడవనాడు ఇంటికి పంపునపుడు అచ్చటి డాక్టరమ్మ, "బిడ్డ యొడలు పచ్చబడుచున్నదేమో వెలుతురులో చూచుచుండుము. పాలు త్రాగుట తగ్గినను, పచ్చదనము పాదములవరకు దిగినను వెంటనే తీసికొని రమ్ము" అని చెప్పినది. నేను తల యూపితిని. ఆ సాయంకాలమే మా యూరి ఆశా కార్యకర్త వచ్చి, బిడ్డను తూచి, అదే మాట మరల చెప్పి, ఏడవనాడు వచ్చెదనని పోయినది. అప్పుడును నేను తల యూపితిని.

నాలుగవనాడు అవ్వ వచ్చినది. ఆమె మాకు చుట్టము గాదు. మా యూర మూడు తరముల బిడ్డలకు నీళ్ళు పోసిన ముదుసలి గనుక అందరికిని అవ్వయే. ఆమె చేతిలో నూనె పడినచో ఏడ్చు బిడ్డ నవ్వును. ఆమె ఒక గిన్నెలో గోరువెచ్చని నువ్వులనూనెయు, రెండవ గిన్నెలో పెసరపిండిలో పసుపు కలిపి తడిపిన ముద్దయు పెట్టుకొని కూర్చుండినది. చలికాలము గనుక తలుపులు మూసితిమి. కిటికీకి దుప్పటి కట్టితిమి. ఆ చిరుచీకటిలో మావాడు బంగారుబొమ్మవలె మెరయుచుండగా చూచి, నాకు వ్రేపల్లె పద్యము జ్ఞప్తికి వచ్చి కన్నులు చెమర్చినవి.

ఐదవనాడు బిడ్డ ఎక్కువసేపు నిద్రపోయెను. రొమ్ము నోట బెట్టినను నాలుగు గ్రుక్కలు త్రాగి కన్ను మూసెడివాడు. "వీడు బహు శాంతుడు, తండ్రి పోలిక" యని మా యత్తగారు మురిసిపోయినారు. ఎంత నిద్రపోయిన అంత బలమని అందరును అనిరి. నేనును మురిసితిని. మొదటి బిడ్డ రాత్రులు నిదురపోనీయనిది గనుక, ఈ శాంతము నాకు వరమువలె తోచినది. కొంచెము పచ్చగా నున్నాడేమో యని ఒక్కసారి నాకు శంక కలుగకపోలేదు. అవ్వ నడిగితిని. ఆమె నవ్వి, "పసుపు పూసిన ఒళ్ళు పచ్చగ గాక ఎర్రగ ఉంటదా బిడ్డా?" అన్నది. ఆ మాటకు నేనును నవ్వితిని.

ఆరవనాటి యుదయమున మా యమ్మాయి బడికి పోవుచు తమ్ముని ముద్దుపెట్టుకొనవలెనని తలుపు తెరచినది. ఎండ సూటిగా మంచముపై బడెను. వెలుతురునకు వాడొక్క క్షణము కన్నులు విప్పెను. అప్పుడా పిల్ల, "అమ్మా, తమ్ముని కండ్లకు గూడ పసుపు పెట్టిండ్రా?" అని యడిగినది.

సోదరీమణులారా, ఆ మాట వినినప్పుడు నా గుండె జారిపోయినది. కన్నులకెవరును పసుపు పెట్టరుగదా! వాగ్భటుడు కామలారోగమును వర్ణించునపుడు పసుపువన్నెగల యవయవములను పేర్కొనుచు మొట్టమొదట చెప్పినది కన్నులనే. ఆ తరువాతనే మూత్రము, చర్మము, గోళ్ళు, ముఖము మొదలగునవి. నేనది చదివినదానను. డాక్టరమ్మ చెప్పగా వినినదానను. ఏడేండ్ల పిల్ల చూచువరకు నేను చూడలేదు. తడిగుడ్డతో వాని పాదము తుడిచి వ్రేలితో నొక్కి విడిచితిని. నొక్కినచోట తెలుపు రావలసినది, పసుపు వచ్చినది.

మావారు బడికి కబురంపి, ఆటో పిలిపించిరి. జడ్చర్ల త్రోవను పట్టణపు ఆసుపత్రికి చేరితిమి. రక్తపరీక్షలో, ఒక డెసిలీటరు రక్తమున బిలిరుబిన్ అను పసుపుపదార్థము 20 మిల్లీగ్రాములు తేలినది. వెంటనే బిడ్డ కన్నులకు గంతలు కట్టి, మొలకు చిన్నగుడ్డ మాత్రముంచి, నీలికాంతి దీపముల క్రింద పరుండబెట్టిరి. రెండు పగళ్ళు, రెండు రాత్రులు వాడట్లే యుండెను. రెండేసి గంటల కొకసారి వానిని నా చేతి కిచ్చెడివారు. అరికాలు నిమిరి, చెవి తాకి, మేలుకొలిపి పాలిచ్చెడిదానను. ఒక్కటి మాత్రము చెప్పుచున్నాను. ఆ నీలపువెలుగులో గంతలు కట్టబడి పండిన బిడ్డను చూచుచు కూర్చుండిన తల్లికి ఏ పురాణమును జ్ఞప్తికి రాదు.

రెండవనాటి రాత్రి విధిలో నున్న సిస్టరమ్మతో నేను నా తప్పంతయు చెప్పుకొని, "ఇక నూనె యంటుట మానివేసెదను" అంటిని. ఆమె, "ఎందుకమ్మా మానుట? నూనె మీ బిడ్డకేమి చేసినది? పసుపు మానండి, చీకటి మానండి. మెల్లగా నిమిరినచో బిడ్డకు మేలే. కాని నిమురునపుడు చూడండి" అన్నది. ఈ వ్యాసమునకు మూలమైన మాట అదియే.

ఇక, ఈ పసిరికలు పసికందులకేల కలుగునో, నూనె యంటుట వలన వచ్చు మేలెంతయో, నేను వైద్యుల నడిగియు, మావారు తెచ్చిపెట్టిన పుస్తకములు చదివియు తెలిసికొనినంతవరకు చెప్పెదను.

గర్భములో నున్నపుడు శిశువు రక్తమున ఎర్రకణములు మన కంటె ఎక్కువగా నుండును. వాని యాయువు తక్కువ. పుట్టిన పిదప అవి త్వరత్వరగా విరిగిపోవును. విరిగిన కణములనుండి పుట్టునదే బిలిరుబిన్. దానిని మార్చి ప్రేగులలోనికి పంపు పని కాలేయముది. పసికందు కాలేయము కొత్తగా కాపురమునకు వచ్చిన కోడలివంటిది. పని నేర్చుకొనుటకు కొన్ని దినములు పట్టును. ఆలోగా పసుపు రక్తమున నిలిచి, చర్మమునకు, కన్నులకు ఎక్కును. నెలలు నిండి పుట్టిన శిశువులలో నూటికి 60 మందికి, నెలతక్కువవారిలో నూటికి 80 మందికి మొదటివారమున ఈ పచ్చదనము కనబడును. సామాన్యముగా రెండవ మూడవ దినములలో మొదలై, మూడవ దినమునుండి ఐదవ దినము లోపల మిక్కిలి హెచ్చి, ఒకటి రెండు వారములలో తనంత తానే పోవును. పలువురకు ఏ చికిత్సయు నవసరము లేదు.

కాని కొందరిలో అది హద్దు మీరును. మీరినచో ఆ పసుపు మెదడులో దిగి, చెవుడును, అవయవముల స్వాధీనము తప్పుటయు, కొన్ని వేళల మరణమును కలుగవచ్చును. ఒకసారి మెదడు చెడినపిదప దానిని మరల్చు మందు లేదు. కావున సమయమునకు చూచుటయే ఇందు ప్రధానము.

ఇచ్చట మరియొక్క సంగతి గమనింపుడు. ప్రేగులలోనికి చేరిన పసుపు మలముతో బయటికి పోవలెను. పుట్టిన బిడ్డ మొదట విసర్జించు నల్లని జిగటమలములో ఇది నిండుగా నుండును. ఆ మలము ఆలస్యముగా పోయినచో, అందలి పసుపు ప్రేగుల గోడలనుండి మరల రక్తములోనికి చేరును. చేనినుండి నీరు పోవు కాలువకు అడ్డుకట్ట పడినచో నీరు తిరిగి చేనికే ఎక్కినట్లు. అందుచేతనే ముర్రుపాలు పారబోయక త్రాగించి, రేయింబవళ్ళలో ఎనిమిది మొదలు పండ్రెండు సారులు పాలిచ్చుట ఈ పచ్చదనమునకు మొదటి యుపాయము. పాలు పోయినచో ప్రేగు కదలును. ప్రేగు కదలినచో పసుపు పోవును. చక్కెరనీళ్ళు, తేనె, ఆముదము నోట బోయుటవలన ఈ పని జరుగదు. పాలకు చోటు తగ్గును. తేనె శిశువులకు ప్రమాదకరము కూడ.

నూనె యంటి నిమురుట సహాయపడునది ఇచ్చటనే. మెల్లగా ఒడలు నిమిరినపుడు, ముఖ్యముగా పొట్టపై చేయి త్రిప్పినపుడు, బిడ్డ ప్రేగులు కదలి మలవిసర్జన సుఖముగా జరుగునని వైద్యులు భావింతురు. 2011వ సంవత్సరమున జపాను దేశపు వైద్యపత్రిక యొకదానిలో, నెలలు నిండిన 42 మంది శిశువులపై జరిపిన పరిశీలన యొకటి ప్రకటింపబడినది. నిమురబడిన శిశువులు మొదటి దినములలో ఎక్కువ సారులు మలవిసర్జన చేసిరనియు, నాలుగవనాటికి వారి పచ్చదనము తక్కిన వారికంటె తక్కువగా నుండెననియు అందు తేలినది. ఆ తరువాత ఇతర దేశములలోను ఇట్టి పరిశీలనలు జరిగినవి. ఇవి చిన్న పరిశీలనలు. వీనినిబట్టి నూనె యంటుటచేతనే కామెర్లు కుదురునని చెప్పరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2022వ సంవత్సరమున ప్రకటించిన సలహాలలో, నెలలు నిండిన ఆరోగ్యవంతులైన శిశువుల ఒడలెల్ల మెల్లగా నిమురుట పెరుగుదలకు మేలు చేయవచ్చునని మాత్రము చెప్పిరి. ఇది తోడు నిలుచు ఉపచారము. చికిత్సకు బదులు గాదు. మన వాగ్భటుడును, ప్రసవక్లేశమున నలిగిన శిశువునకు బలాతైలముతో సేచనము చెప్పెనే గాని, దానిని కామలకు మందుగా చెప్పలేదు.

మరి చికిత్స యేది? వెలుగే. ఈ చికిత్స కనుగొనబడిన కథ మన స్త్రీలందరు తెలియదగినది. 1956వ సంవత్సరమున ఇంగ్లాండు దేశమున ఎసెక్స్ మండలమందలి రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో, నెలతక్కువ శిశువుల విభాగమునకు జీన్ వార్డ్ అను సిస్టరు పెద్దగా నుండెను. ఎండకాయు దినములలో ఆమె శిశువులను ఆవరణలోనికి తెచ్చి గాలి వెలుతురులు తగులనిచ్చెడిది. ఒకనాడామె ఒక బిడ్డ గుడ్డలు విప్పి వైద్యులకు చూపెను. ఒడలంతయు పచ్చదనము తగ్గియుండగా, దుప్పటికొన కప్పిన త్రికోణాకారపు చోటు మాత్రము పచ్చగానే మిగిలియుండెను. ఆ యాసుపత్రియందే కిటికీకడ ఎండలో ఉండిపోయిన రక్తపుగొట్టములో బిలిరుబిన్ తగ్గుటయు వైద్యుల దృష్టికి వచ్చెను. క్రెమర్ మొదలగు వైద్యులు దీనిని పరిశోధించి, 1958వ సంవత్సరమున లాన్సెట్ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. వెలుగులోని నీలపుభాగము చర్మముననున్న పసుపును, కాలేయపు సహాయము లేకయే బయటికి పోదగిన రూపమునకు మార్చును. నేడు లోకమంతట ఆసుపత్రులలో వెలుగు నీలిదీపములకు మూలము ఒక స్త్రీ, బిడ్డ నగ్నశరీరమును పగటి వెలుతురులో శ్రద్ధగా చూచుటయే.

అయితే బిడ్డను మన వాకిట ఎండలో పరుండబెట్టిన చాలునని యనుకొనరాదు. ఎండలో నీలికాంతి కొలత మన చేతిలో నుండదు. పసికందు చలికి, వేడికి, చర్మము కమలుటకు గురియగును. అన్నిటికంటె మించి, "ఎండలో పెట్టుచున్నాముగదా" యను ధైర్యముతో ఆసుపత్రికి పోవుట ఆలసింతుము. పసరు పోయించుట, చురకలు పెట్టించుట యనునవి చెప్పనే యక్కరలేదు. పసరు ఎంతటి ప్రాణాంతకమో, కాల్చిన చర్మము ఎట్టి చీమునకు దారి తీయునో మనమెరుగుదుము. పచ్చదనము తనంత తగ్గిన బిడ్డలను చూపి పసరు పేరు పొందినది. తగ్గని బిడ్డలను గూర్చి ఎవరును చెప్పుకొనరు.

నేనిపుడు అనుసరించు పద్ధతిని చెప్పెదను. పుట్టిన మొదటి 24 గంటలలో స్నానమే వలదు. తరువాత, తలుపు చాటున చలిగాలి తగులని చోట, పగటి వెలుతురు పడునట్లు కూర్చుండవలెను. గోళ్ళు తీసికొని, ఉంగరము తొలగించి, గాజులు పైకి త్రోసికొని, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పాలు త్రాగిన వెంటనే గాక, ముప్పావుగంట గడచిన పిదప మొదలుపెట్టవలెను. కొబ్బరినూనె గాని, మన నువ్వులనూనె గాని చాలును. ఆవనూనె లేతచర్మమునకు మంచిది గాదందురు. కాళ్ళనుండి మొదలిడి చేతులు, రొమ్ము, వీపు మెల్లగా నిమిరి, పొట్టపై గడియారపుముల్లు తిరుగు దిక్కున అరచేయి త్రిప్పవలెను. పెద్దప్రేగు నడక కూడ ఆ దిక్కే. బొడ్డు ఊడువరకు దానిపై నూనె తగులనీయరాదు. పది పదునైదు నిమిషములు చాలును. బిడ్డ ఏడ్చినచో ఆపవలెను. జ్వరమున్నను, నెలతక్కువ బిడ్డయైనను వైద్యుల నడుగక చేయరాదు. చెవులలో ముక్కులో నూనె పోయుట, ముక్కు సాగదీయుట, తల గుండ్రమగుటకై అదుముట, చనుమొనలు పిండుట, కాళ్ళు పట్టి తలక్రిందుగా వ్రేలాడదీయుట, ఇవి యెంతటి పెద్దలు చెప్పినను మానదగినవి.

అన్నిటికంటె ముఖ్యము, నూనె చేత బట్టకముందే చూచుట. నొసటను, రొమ్మున, పొట్టపై, తొడపై, పాదముపై క్రమముగా వ్రేలితో నొక్కి విడువవలెను. పచ్చదనము ముఖమునుండి మొదలై క్రిందికి దిగును. ఎంత క్రిందికి దిగిన అంత హెచ్చని గ్రహింపవలెను. మన బిడ్డలు చామనచాయవారు. నల్లనయ్యకు పసుపు పూసిన గోపికలకు వాని యొడలి పచ్చదనము తెలియుట కష్టమే. అందుచేత కన్నుల తెలుపును, చిగుళ్ళను, అరచేతులను, అరికాళ్ళను చూడవలెను. కంటితో కొలుచుట సందేహాస్పదమే. కావున సందేహము కలిగినచో రక్తపరీక్షయే శరణ్యము. పసుపు కలిపిన నలుగు మొదటి నెలలో దగ్గరకు రానీయరాదు. పసుపు శుభమే, కాదనను. పురిటినాడు గడపకు పూయుదము, తల్లి పాదములకు పూయుదము. బిడ్డ చర్మమునకు మాత్రము ఆ దినములలో వలదు.

ఈ క్రింది గుర్తులు కనబడినచో రాత్రియని, అమావాస్యయని చూడక ఆసుపత్రికి పోవలెను. పుట్టిన మొదటి 24 గంటలలోనే పచ్చబడుట, పచ్చదనము అరచేతులకు అరికాళ్ళకు దిగుట, పాలు మానుట, లేపినను లేవని మగత, కీచుమను ఏడుపు, వెనుకకు విల్లువలె వంగుట, జ్వరము. తల్లి రక్తము నెగెటివు జాతిదైనను, అక్కకో అన్నకో పూర్వము దీపముల చికిత్స జరిగినను మరింత జాగ్రత్త వలయును. పచ్చదనము రెండు వారములు దాటినను, మలము సున్నమువలె తెల్లబడినను అది వేరొక వ్యాధికి, పైత్యనాళముల లోపమునకు గుర్తు కావచ్చును. దానికి చేయు శస్త్రము మొదటి రెండు నెలల లోపల జరిగిననే ఎక్కువ ఫలించును. మరియొక మాట. పెట్టెలోనుండి తీసిన బిడ్డబట్టలలో డాంబరుగోలీలు ఉంచినవైనచో, వానిని బిడ్డకు తొడుగకుడు. కొందరు శిశువులకు పుట్టుకతోనే ఉండు ఒక రక్తలోపమువలన, ఆ వాసన సోకిన మాత్రముననే ఎర్రకణములు విరిగి కామెర్లు హెచ్చిపోవును.

మన దేశమున 2011వ సంవత్సరమునుండి, ఆసుపత్రిలో కాన్పయిన యింటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో వచ్చి శిశువును చూచు నేర్పాటు జరిగినది. ఇది చాల మేలు. కాని లెక్క చూడుడు. ఆమె మూడవనాడు వచ్చి ఏడవనాడు మరల వచ్చును. పచ్చదనము మిక్కిలి హెచ్చునది ఈ రెంటి నడుమనే. నాలుగు, ఐదు, ఆరవ దినములలో డాక్టరు లేడు, సిస్టరు లేదు, ఆశా లేదు. బిడ్డ గుడ్డలు విప్పి చూచునది ఒక్క నూనె యంటు అవ్వయే. మా యింట అవ్వ వచ్చినది నాలుగవనాడే గదా! మన యాచారము తెలిసియో తెలియకయో, సరిగా కావలసిన దినములలోనే, కావలసినచోట ఒక మనిషిని కూర్చుండబెట్టినది. ఆమె చేతినుండి పసుపుగిన్నె తీసివేసి, ఆమె ముందు కిటికీ తెరచినచో, ఆమెకంటె మంచి కాపరి బిడ్డకు దొరకదు.

ఆసుపత్రినుండి వచ్చిన మరునాడు అవ్వ మా గడపలో నిలువబడినది, లోనికి రాలేదు. ఎవరో ఆమెతో నీవలననే ఇట్లయినదని అనిరట. నేను చేయి పట్టి లోనికి తీసికొని వచ్చి, పీట వేసి, నూనెగిన్నె ముందు పెట్టితిని. కిటికీకి కట్టిన దుప్పటి విప్పితిని. డాక్టరమ్మ చెప్పినదంతయు చెప్పితిని. అవ్వ చాలసేపు మాటాడలేదు. తరువాత బిడ్డ పాదము తన యరచేతిలో నుంచుకొని మెల్లగా అన్నది: "బిడ్డా, ఈ చేతులతోని ఎందరికి నీళ్ళు పోసిన్నో నాకే యాదికి లేదు. పాలిడిసి పండుకున్న పోరగాండ్లు కొందరు నా ముందటనే పోయిండ్రు. గాలి సోకిందన్నరు, నేను గూడ అన్న. అండ్ల ఎందరికి పసిరికలుండెనో, పసుపు కింద నాకేమెరుక?"

నాకు బదులు తోచలేదు. అష్టాంగహృదయము చదివిన నాకే తెలియనిది, చదువు రాని యామెకు తెలియలేదని యనుటకు నాకు నోరెట్లు వచ్చును? ఇద్దరమును కలిసి వెలుతురులో వాని పాదము నొక్కి చూచితిమి. తెల్లగా వచ్చినది. అప్పుడవ్వ నూనె చేతిలో పోసికొన్నది.

అది మొదలు ఆమె ఏ యింటికి పోయినను, "ముందుగాల తలుపు తియ్యిండ్రి, కండ్లు జూడనియ్యిండ్రి" అని యడుగును. మూడేండ్లలో ఇద్దరు బిడ్డలను ఆమె తానే ఆసుపత్రికి పంపినది. మా యూరి ఆశా కార్యకర్తయు ఆమెయు ఇప్పుడు చెలికత్తెలైనారు. మావాడు బడికి పోవుచున్నాడు. చెవి పరీక్షలో లోపమేమియు లేదనిరి; ఇంటిలో పిలిచినపుడు వినబడనట్లుండుట వేరు సంగతి.

నా విన్నపమొక్కటియే. మీ యింట బిడ్డ పుట్టినపుడు నూనె యంటుట మానకుడు. పెద్దవారిని దూరము చేయకుడు. వారు పాడు లాలిపాటను ఆపకుడు. కాని నూనెగిన్నె ముట్టకముందు తలుపు తెరువుడు, పసుపుగిన్నె తీసివేయుడు, బిడ్డ కన్నులను చూడుడు. దూరదేశములకు కూలికి వలసపోయి, పెద్దదిక్కు లేక ఒంటరిగా బిడ్డను కనిన మన పాలమూరు చెల్లెండ్రకు ఈ మాట ఎవరైన చదివి వినిపించినచో నేను కృతజ్ఞురాలను.